నా కొలతకు తవ్విన గుంత

ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఇంత పొడుగు రాత ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది ఆళ్లగడ్డ. శిల్పాల షెడ్డులో నాది పాలిష్ పని. మగవాళ్లు ఉలితో చెక్కిన నల్లరాయి విగ్రహాన్ని నేల మీద ఇసుక పరిచి పడుకోబెడతారు. పక్కన గొంతుక్కూర్చుని, నీళ్లు పోస్తూ, పాలిష్ రాయితో రుద్దాలి. ముందు గరుకు రాయి, తర్వాత నున్నటి రాయి. విగ్రహం చెంపలో మన ముఖం కనిపించేదాకా రుద్దాలి. పన్నెండేళ్లు ఆ పని చేశాను. పోయిన ఏడాది నంద్యాల నుంచి వస్తుంటే ఆటో పల్టీ కొట్టింది. నా కుడి మోకాలు విరిగింది. ఆపరేషన్ అయ్యాక నడక వచ్చింది గానీ మోకాలు మాత్రం వంగలేదు. కాలు కట్టెలాగా నిలువుగా ఉండిపోయింది.

గొంతుక్కూర్చోలేని మనిషికి షెడ్డులో ఏం పని? మా మేస్త్రి చెడ్డవాడు కాదు. ఉన్నమాట అనేశాడు.

"చూడు మ్మే, రెండు అమ్మవారి విగ్రహాలు ఒప్పుకున్న్యా. లారీ వచ్చేకి ఇంకా నెల ఉండాది. ఆలోపల నీకు కుదిరితే సరే. ల్యాకుంటే ఇంకొకామెను పెట్టుకుంటా. తర్వాత నామీద ఏడ్చద్దు."

ఏడవలేదు. కానీ ఇంట్లో కూర్చుని చేతులు ఊరికే ఉంటే నాకు పిచ్చి లేస్తుంది. పప్పులు ఏరితే ఎంతసేపు ఏరతాం?

ఆ వారమే కాలుకు వ్యాయామం చేయించుకోవడానికి నంద్యాల ఆస్పత్రికి వెళ్లాను. అక్కడ ఒక పాప కనిపించింది. ఉగాండా దేశం పాప. తలనిండా సన్నసన్న జడలు. హైదరాబాద్‌లో పీజీ చదువుతూ మూడు నెలలు ఇక్కడ పని నేర్చుకోవడానికి వచ్చిందట. ఏం చదువు అని అడిగాను.

"డిజెబిలిటీ మేనేజ్‌మెంట్, అక్కా."

"అంటే ఏంది పాపా? డాక్టరా?"

"డాక్టర్ కాదు. డాక్టర్ కాలు చూస్తడు. నేను పని చూస్త. దెబ్బ తగిలిన మనిషి మళ్లీ పనికి ఎట్ల పోవాలె, అది చూస్త."

హైదరాబాద్‌లో నేర్చిన తెలుగు. మాట మాటకూ ఆగి వెతుక్కునేది. అట్లాంటి చదువు ఒకటి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. "అయితే నా పని చూడు" అన్నాను. పాప పుస్తకం తెరిచింది. తన చదువుకు కూడా ఒక మనిషిని మళ్లీ పనిలో నిలబెట్టి చూపించాలట. ఆ మనిషిని నేనయ్యాను.

రెండు రోజుల తర్వాత బస్సు దిగి మా షెడ్డుకు వచ్చింది. వస్తూనే గుమ్మంలో నిలబడిపోయింది. ఒక చెక్కేవాడు అమ్మవారి పొట్ట మీద కూర్చుని కిరీటం చెక్కుతున్నాడు.

"దేవుడు కదా? మీద కూర్చుంటరా?"

మేస్త్రి నవ్వాడు. "కండ్లు తెరిచేదాంక రాయేలేమ్మా. చివరాకర్న నేను కండ్లు తెరిపిస్తా. అప్పుడు దండం పెడతాం."

పాప అది కూడా రాసుకుంది. తర్వాత టేపు తీసి కొలవడం మొదలుపెట్టింది. విగ్రహం ఎత్తు, ఇసుక ఎత్తు, నేల నుంచి నా మోచేయి దాకా, నా భుజం, నా చేయి చాపు. షెడ్డంతా పని ఆపి చూసింది.

"ఏంది మ్మే, నీకు గౌను కుట్టిస్తాండాదా?" అన్నాడు గడ్డపారతో రాళ్లు జరిపే అన్న.

"నీకూ కుట్టిస్తా, రా అన్నా" అన్నాను. నవ్వులే నవ్వులు.

పాప మొదట చేసింది, గట్టి బల్ల తెప్పించి విగ్రహాన్ని దానిమీద పెట్టించడం. నేను బల్ల ముందు నిలబడ్డాను. కాలికి హాయిగా ఉంది. కానీ రాయి పెట్టి ఒత్తి రుద్దగానే బల్ల కిర్రుమని ఊగింది. ఇసుకలో పడుకున్న విగ్రహం కదలదు, బల్ల మీది విగ్రహం కదులుతుంది. మూడోసారి రుద్దేసరికి ఇద్దరు మగవాళ్లు పరుగెత్తుకొచ్చి అమ్మవారిని పట్టుకున్నారు. మేస్త్రి ముఖం ఎర్రబడింది.

"చాలు తల్లీ. ముక్కు విరిగితే రాయి మళ్లీ మొలుచ్చాదా?"

మధ్యాహ్నం పాప మా ఇంట్లో దిగులుగా కూర్చుంది. నేను రాగి సంగటి, నంజుకోను చెనిక్కాయల పచ్చడి, అదే మా ఊరిబిండి, పెట్టాను. ముద్ద చూసి కళ్లు పెద్దవి చేసింది. చెంచా అడగలేదు. చేత్తో తుంచి, వేలితో గుంట చేసి, ఊరిబిండి అద్దుకుని మింగింది. నమలలేదు! మా వాళ్లు తిన్నట్టే తిన్నది.

"నీకెవరు నేర్పించినారు?"

"మా ఊర్ల కూడా ఇదే, అక్కా. రెండేండ్లు హాస్టల్ల అన్నమే తిన్న." ఇంకో ముద్ద అడిగి పెట్టించుకుంది. తింటూ వాళ్లమ్మ సంగతి చెప్పింది. టీ ఆకు ఫ్యాక్టరీలో పనిచేసేదట. మిషన్‌లో ఒక చేయి నలిగింది. మంచిదానివమ్మా అని చెప్పి ఇంటికి పంపేశారు. "రెండో చెయ్యి ఏం చేస్తది అని ఒక్కరు అడగలేదు. అందుకే ఈ చదువు."

ఆ మాటతో నాకు మా పుట్టినూరు గుర్తొచ్చింది. అక్కడ నేసేవాళ్లు మగ్గం కింద గుంత తవ్వుకుని, కాళ్లు దాంట్లో పెట్టుకుని నేస్తారు. మగ్గాన్ని ఎవరూ పైకెత్తరు. మనిషే కిందికి దిగుతాడు.

"పాపా, అమ్మవారిని ఎత్తేది వద్దు. నన్ను దించు!"

దానికి అర్థం కాలేదు. నేను లేచి నేల చూపించాను, నడుము చూపించాను. గుంతలో నిలబడితే నేల మీది విగ్రహం నా చేతికి అందుతుంది. కాలు వంచే పనే లేదు. పాప లేచి ఎంగిలి చేత్తోనే నన్ను వాటేసుకుంది. నా జాకెట్ నిండా ఊరిబిండి.

మేస్త్రి ఒప్పుకున్నాడు, ఒక్క షరతుతో. నీడ ఉండే మూల నైరుతి. "నైరుతిలో గుంత తీస్తే నా షెడ్డు ఉంటాదా? ఈశాన్యంలో తీసుకో." ఈశాన్యంలో నెత్తి మాడే ఎండ. కొబ్బరి మట్టలతో పందిరి వేయిద్దామన్నాం. పాప రేపు కొలిచి గీత గీస్తానని చెప్పి నంద్యాల బస్సెక్కింది.

నాకు రేపటిదాకా ఆగేంత ఓపిక లేదు. "కొలతలేంది, గుంతకు!" అని గడ్డపార అన్నతో సాయంత్రమే తవ్వించాను. ఆయన ఆరడుగుల మనిషి. తన నడుముకు సరిచూసుకుని తవ్వాడు. మట్టి కూలకుండా చుట్టూ బేతంచెర్ల బండలు దించాడు. పొద్దున్నే ఇద్దరు చంకలు పట్టి నన్ను దించారు. నేల నా ఛాతీ దాకా వచ్చింది. విగ్రహం చూద్దునా, అమ్మవారి పక్కటెముకలు తప్ప నాకేమీ కనపడలేదు!

"ఎట్లుండాది మ్మే?"

"బాగుండాది గానీ, పైకెట్ల వచ్చేదన్నా?"

ఎవరూ ఆలోచించలేదు. నేను కూడా ఆలోచించలేదు. ఒకడు నిచ్చెన తెచ్చాడు, వంగని కాలుతో నిచ్చెన ఎట్లా ఎక్కను? అప్పుడే బస్సు దిగి పాప వచ్చింది. గుంతలోంచి నా తల చూసి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"అక్కా! కొలత లేకుండ దిగినవా?"

"తిట్టద్దు పాపా, ముందు పైకి తియ్."

నవ్వుతూనే తిట్టింది. నలుగురు కలిసి గోనెసంచి ఎత్తినట్టు నన్ను పైకి లాగారు. ఆ తర్వాత అంతా దాని టేపు చెప్పినట్టే జరిగింది. ఇసుక పోసి అడుగు పైకి తెచ్చారు. నా మంచి కాలు ముందు పెట్టేటట్టు చిన్న చిన్న మెట్లు కట్టారు, పట్టుకోను ఇనుప పైపు పాతారు. పాలిష్ నీళ్లు గుంతలోకి కారకుండా అంచుకు మట్టికట్ట. ఆనుకోవడానికి వెనక ఒక చెక్క. ఇవన్నీ నాకు తట్టేవే కావు.

వారానికి మొదటి విగ్రహం అయింది. ఆ రోజు పాపకు చదువు చెప్పే సార్ హైదరాబాద్ నుంచి వీడియో కాల్ చేశాడు. పాప ఫోన్ నా వైపు తిప్పింది. నడుము పైన మాత్రమే కనిపించానేమో, ఆయన కంగారుపడి ఏదో అడిగాడు. పాప పడీపడీ నవ్వింది.

"నీ కాళ్లు ఎక్కడ అని అడుగుతుండు, అక్కా!"

తర్వాత ఆయన మేస్త్రిని అడిగాడు, ఈమెను పనిలో ఉంచుకుంటారా అని.  నేను గుంతలోంచి మేస్త్రి వైపు తల తిప్పాను.

మేస్త్రి విగ్రహం దగ్గరికి వంగి, తడి చేత్తో చెంప తుడిచి, అందులో తన మీసం చూసుకున్నాడు. ఫోన్ వైపు తిరగనే లేదు.

"ఉంచుకునేదేంది సార్? నా షెడ్డులో ఈశాన్యమంతా ఆయమ్మే ఆక్రమించె. ఇంక నేనే ఆమెను అడిగి లోపలికి రావాల."

అందరూ చప్పట్లు కొట్టారు. మేస్త్రి చిరాకుపడ్డాడు. "ఏంది సినిమానా? లారీ వస్తాది, రెండో అమ్మవారిని బేగా జరపండప్పా!"

గడ్డపార అన్న, ఇంకో ముగ్గురు కలిసి రెండో విగ్రహాన్ని ఇసుక మీద జరిపి, ముఖం నా వైపు వచ్చేలా తిప్పారు. పాప మెట్ల మీద కూర్చుని చెంబుతో నీళ్లు పోసింది. నేను గరుకు రాయి అందుకుని నుదుటి దగ్గర మొదలుపెట్టాను.