అమ్మ తాగని నీళ్లు

పాలమూరు నుంచి వలస వచ్చిన మా అమ్మ కట్టడాల మీద ఇటుకలు మోసేది. నాన్న పోయాక కామాఠిపురలో వరస గదుల చాల్‌లో ఒక గదిలో మేమిద్దరమే ఉండేవాళ్లం. నేను మెట్రిక్ పాసై, ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్ కుట్టేదాన్ని. ఎనభైల మొదట్లో అమ్మకు కుడి పక్క నడుములో నొప్పి మొదలైంది. బరువులు మోసేవాళ్లకు నడుము నొప్పి మామూలే అనుకుని, బట్ట గట్టిగా చుట్టుకొని పనికి పోయేది. నేనూ అలాగే అనుకున్నాను.

ఒక వేసవి మధ్యాహ్నం ఆమెను ఇద్దరు ఆడవాళ్లు చెరో రెక్కా పట్టుకొని తీసుకొచ్చారు. ఒళ్లు కాలిపోతోంది, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఫోరస్ రోడ్ మీద టాక్సీ ఆపి మున్సిపల్ ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎక్స్‌రేలో రాయి కనిపించింది. అది మూత్రం దిగే దారికి అడ్డం పడిందట. దాంతో పైన మూత్రపిండమంతా చీము పట్టింది. దాన్ని తీసేయక తప్పలేదు.

ఆ ఆసుపత్రిలో ఒక మరాఠీ డాక్టరమ్మ మూత్రపిండాల్లో రాళ్లు ఎందుకు వస్తాయో పరిశోధన చేస్తుండేవారు. ఫారం పట్టుకొని అమ్మ మంచం దగ్గరికి వచ్చారు. అమ్మకు బజారు మరాఠీ వచ్చుగానీ ఒంటి సంగతులు చెప్పుకునేంత రాదు. నేను మధ్యలో కూర్చుని ఆమె మాట ఈమెకూ, ఈమె మాట ఆమెకూ చెప్పాను. అయిపోయాక డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచారు.

"మీ పాలమూరు కూలీలు ఈ వార్డుకు చాలామంది వస్తున్నారు. కారణం వెతుకుతున్నాను. నాతో పనిచేస్తావా?"

"మా అమ్మకు ఎందుకు వచ్చిందో తెలుస్తుందా?"

"తెలుస్తుందని మాట ఇవ్వలేను. వెతుకుదాం."

అబద్ధపు ధైర్యం చెప్పకపోవడం నాకు నచ్చింది. సరేనన్నాను.

నా పని మూత్రం పోగు చేయడం. ఒక మనిషికి ఇరవై నాలుగు గంటల్లో వచ్చినదంతా ఒక ప్లాస్టిక్ క్యానులో పట్టాలి. కొలిచి, అందులో సున్నం ఎంత, ఉప్పులు ఎంత అని ల్యాబ్‌లో చూస్తారు. మా చాల్‌లోనూ పక్క గల్లీల్లోనూ తిరిగాను. ధారావిలో ఉన్న మా వాళ్ల దగ్గరికీ వెళ్లాను.

"సిగ్గు లేదా పిల్లా, ఉచ్చ అడుక్కోనికి వచ్చినవా?" అంది ఒకామె.

"అవునక్కా, అందుకే వచ్చిన. రేపు పొద్దుగాల మొదటిది పారబొయ్యి. ఆడికెల్లి ఎల్లుండి పొద్దుగాలది గూడ కలుపుకొని అంతా గీ క్యాన్ల పొయ్యి."

ఆమె తలుపేసుకుంది. మర్నాడు మళ్లీ వెళ్లాను. మూడోసారికి క్యాను తీసుకుంది. నిండిన క్యాన్లు మోసుకుంటూ ఫాక్‌లాండ్ రోడ్ దాటుతుంటే, కిరోసిన్ ఎక్కడ దొరికిందని ఎవరో ఆపి అడిగారు. ముందు సిగ్గుపడ్డాను. తర్వాత్తర్వాత నిజమే చెప్పేదాన్ని. వాళ్లే తప్పుకునేవారు.

కొన్ని నెలలు గడిచినా ఏమీ తేలలేదు. నీళ్లు బాగానే తాగుతామని ఫారాల్లో రాయించారు. క్యాన్లూ నిండుగానే వచ్చాయి. డాక్టరమ్మ కాగితాలు ముందేసుకుని తల పట్టుకున్నారు. ఆ సాయంత్రం అమ్మకు అన్నం పెడుతూ ఈ సంగతి చెప్పాను.

"క్యాన్లు ఏ దినం పట్టిచ్చినవ్?" అంది అమ్మ.

"ఆదివారం. పనున్న దినం ఎట్ల పడ్తరు?"

"ఆదివారం సంగతి వేరు బిడ్డా. ఇంట్ల ఉంటం, సండాస్ ఉన్నది. పని మీద యాడ కూసుంటం? సుట్టూర మొగోళ్లే. పొద్దుగాల ఇంట్ల పోయొస్తే మల్ల చీకటైనంకనే. నీళ్లు తాగితె ఆపుకోనస్తదా? అందుకే తాగకపోయేది."

ఎన్నేళ్లు అలా గడిపిందో లెక్క వేయబోయి మానేశాను. మర్నాడు ఆమె మాటను ఉన్నదున్నట్టు డాక్టరమ్మకు చెప్పాను. ఆమె తన ఫారం తీసి పై నుంచి కింది దాకా చదివారు. "నా ఫారంలో పని రోజు అన్న ముక్కే లేదు" అన్నారు చివరికి. "కానీ పని చోట ఎలా పట్టిస్తావు?"

"నేనే పోయి కూర్చుంటాను."

అమ్మతో ఇటుకలు మోసిన ఆడవాళ్ల దగ్గరికే వెళ్లాను. రెండు స్తంభాల మధ్య పాత చీర కట్టి, దాని వెనక క్యాన్లు పెట్టాను. మీరు రోజూ ఎట్ల ఉంటరో అట్లనే ఉండండి అని చెప్పాను. పది గంటలకల్లా ముకద్దం వచ్చాడు. కూలీలను పనిలో పెట్టేదీ తీసేదీ అతనే.

"ఏం తమాషా ఇది? తియ్యి" అన్నాడు.

నేను కదల్లేదు. ఇసుక తట్ట దించి ఒక పెద్దామె ముందుకొచ్చింది. "ఆ పర్దా తీస్తే మేం గూడ పోతం" అంది నెమ్మదిగా. మిగతావాళ్లూ తట్టలు దించారు. ఆ రోజు స్లాబ్ పోస్తున్నారు. మధ్యలో ఆపితే కుదరదు. ముకద్దం గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రానికి క్యాన్ల అడుగు మాత్రమే తడిసింది. ఉన్న కాస్తా కాచి కాచి నల్లబడిన చాయ్‌లా ఉంది. ల్యాబ్‌లో డాక్టరమ్మ ఒక్కొక్కటీ వెలుగుకు ఎత్తి చూశారు.

"ఇదొక్కటే కారణమని రాయలేను. తిండి ఉంటుంది, ఎండ ఉంటుంది, పుట్టుకతో వచ్చేవీ ఉంటాయి. కానీ ఇది రాయకపోతే తప్పు చేసినదాన్నవుతాను" అన్నారు. రాశారు. డాక్టర్ల సభలో చదివారు కూడా. ఆ కాగితంలో మా ఆడవాళ్ల సంగతి ఒక పేరా అయింది. పని చోట కట్టిన చీరను మాత్రం వాళ్లు మళ్లీ విప్పనివ్వలేదు. వాన కాలం వచ్చేసరికి దాని చోట రేకుల గది లేచింది, పక్కన నీళ్ల డ్రమ్ము వచ్చింది.

నాలుగేళ్ల తర్వాత అమ్మకు మిగిలిన ఆ ఒక్క మూత్రపిండంలోనూ రాయి కనిపించింది. ఇదీ అడ్డం పడితే మనిషి దక్కదని నాకు తెలుసు. ఈసారి నొప్పి మొదలైన గంటలోనే ఆసుపత్రిలో చేర్పించాను. సెలైన్ ఎక్కించారు. అమ్మ గ్లాసు వెనక గ్లాసు నీళ్లు తాగుతూ, ప్రతిసారీ మూత్రాన్ని పల్చటి బట్టలో వడకట్టింది. మూడో రోజు జొన్నగింజలో సగమంత రాయి బట్ట మీద నిలిచింది. దాన్ని తనే కడిగి, కాగితంలో మడిచి నా చేతిలో పెట్టింది.

"తీస్కపోయి డాక్టరమ్మకియ్యి. ఇప్పుడు నీళ్లు తాగుతనే ఉన్న గదా. మల్ల ఎందుకొచ్చిందో సూడుమను."