పొగబండిలో కలిసిన మనిషి

ఆక్లండ్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లి, వాలంటీర్లే బాగుచేసి నడుపుతున్న ఓ చిన్న పట్టాల పొగబండి చూస్తున్నాను. టికెట్లు చూసే పెద్దావిడ డ్రైవర్‌కి ఒక డబ్బా అందించింది. అతను టోపీ తీసి, ఆ డబ్బాలో ఉన్నదంతా పారలో పోసుకుని బొగ్గుమంటలోకి విసిరాడు.

"ఏంటండీ అది?" అని ఆవిడని అడిగాను.

"మా ఆయన బూడిద. పోయిన నెల దహనం చేశాం. తుప్పుపట్టిన ఈ ఇంజన్‌ని మళ్లీ నడిపించింది ఆయనే. చివరికి ఇందులోనే వెయ్యమన్నాడు," అంది నవ్వుతూ.

నాన్న అస్థికలు గోదావరిలో కలిపినప్పుడు నేను నిలబడలేకపోయాను. ఈవిడ నవ్వుతోందేమిటి!

అంతలో ఇంజన్ గట్టిగా కూత పెట్టింది. ఆవిడ నవ్వు ఆగిపోయింది. చటుక్కున నా చెయ్యి పట్టుకుంది. ఆ కూత ఆగేదాకా వదల్లేదు.