పక్క చెరువు మీద పెట్టిన కన్ను

నరసాపురంలో చేపల గంప మోసే సత్యకుమారి గారి అమ్మాయి సాయిదుర్గ, నేను రాజమండ్రిలో ఒకే ఇంజనీరింగ్ క్లాసు. రెండో ఏడాదిలో నేను మానేసి, మా ఊరొచ్చి రొయ్యల చెరువు పెట్టాను. నేను వెళ్ళిపోయిన బెంగతో కాలేజీ గేటు దగ్గరి మల్లెతీగ కూడా ఎండిపోయిందంటారు. అనేది ఎక్కువగా నేనే. ఆవిడ మాత్రం కదలకుండా ఎంటెక్ దాకా చదివి, యూనివర్సిటీలో ఉద్యోగం సంపాదించింది. ఇప్పుడక్కడున్న డేటా సైన్స్, ఏఐ ఇన్నోవేషన్ సెంటర్ చరిత్ర అంటే ఆవిడ చరిత్రే. చెప్పడం నాకిష్టం లేదు. కానీ నాకంటే బాగా చెప్పేవాడు డెల్టాలో లేడు కదా.

సెంటరు పుట్టింది ఆటసామాన్ల గదిలో. చిరిగిన వాలీబాల్ నెట్లు బయటపడేసి కంప్యూటర్లు, ఒక సర్వరు పెట్టారు. సర్వరు వేడెక్కకూడదని ఏసీ బిగించారు. ఆ ఎండాకాలం కృత్రిమ మేధ మీద ఆసక్తి తెలుగు శాఖలో కూడా పెరిగింది. ఎప్పుడు తలుపు తీసినా ప్రొఫెసర్లు కునుకు తీస్తుండేవారు. సర్వరుకి జలుబు చేసి తుమ్ముతోందని ఊరంతా చెప్పాను, నమ్మారు.

యూనివర్సిటీ వాళ్ళు ఒక మెలిక పెట్టారు. రొయ్యల చెరువుల దిగుబడి ముందే అంచనా వేసి చూపించాలి. లేకపోతే గది పరీక్షల విభాగానికి, సాయిదుర్గ ఇంటికి. ఆవిడది పర్మినెంటు ఉద్యోగం కాదు. ఆ మాట విన్నాక నాకు రెండు పూటలా అన్నం సహించింది.

ఆవిడ రైతులందరికీ ఫోన్లు చేయించింది. పంట ఎలా ఉందని అడిగితే, భీమవరం నుంచి సముద్రం దాకా ఒకటే జవాబు: "ఏం పంటండీ! మొత్తం పోయింది." మిషను ఆ మాటలన్నీ మింగి, వచ్చే ఏడాదికల్లా డెల్టాలో రొయ్య అనేదే ఉండదని తేల్చింది. యూనివర్సిటీ వేసిన కమిటీ వాళ్ళు బిక్కచచ్చిపోయారు. రైతులేమో కార్ల షోరూముల ముందు వరస కట్టి ఉన్నారు.

ఆదివారం ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఓదార్చడానికని మా ఇంట్లో చెప్పాను. సత్యకుమారి గారు గంప దించుతున్నారు. వంజరాల తోకలు అంచు దాటి వేలాడుతున్నాయి.

"ఏం పిన్నిగారూ, బాగా పడ్డాయా?"

"ఏం పడ్డాయి బాబూ, నాలుగు పిత్తపరిగెలు" అంటూ గోనె కప్పేశారు.

"నిజం చెప్తే ఏమవుద్దే అమ్మా?" అంది సాయిదుర్గ.

"దిష్టి తగులుద్ది! తనకి బాగుందని ఎవరన్నా నోటితో అంటారా?"

"మరి పక్కింటి రాణి గంప?"

"దానికేంటే! వల చిరిగేటన్ని పడ్డాయి. రేపో మాపో మేడ లేపుద్ది."

సాయిదుర్గ నవ్వలేదు. నాకేసి తిరిగింది. "లోకనాథ్, మీ పక్క చెరువు భీమరాజు గారిది ఎలా ఉంది?"

"ఆయనకేంటి! ఒక్కో రొయ్య పిల్లి అంత ఉంది. గట్టెక్కి కుక్కల్ని తరుముతున్నాయి."

"నీది?"

"పోయింది."

ఎంత గొప్పలు పోయేవాణ్ణయినా, ఆ ఒక్క మాట దగ్గర నేనూ డెల్టావాణ్ణే.

అప్పటినుంచి ప్రతి రైతునీ పక్క చెరువు సంగతి కూడా అడిగించింది. కొన్నిచోట్ల రొయ్యలు పట్టే రోజున తనే గట్టు మీద నిలబడి అసలు తూకం చూసింది. మనిషి తన పంటను ఎంత కుదిస్తాడో, పక్కవాడిదాన్ని ఎంత సాగదీస్తాడో మిషను అలా నేర్చుకుంది. మా ఏడుపే దానికి సిలబస్సు.

కమిటీ ఆఖరి పరీక్షకు భీమరాజు గారి చెరువును ఎంచుకుంది. దిగుబడి ఎంతో సాయిదుర్గ అందరిముందూ ముందే చెప్పేసింది. అది తప్పాలని నేను కొబ్బరికాయ మొక్కుకున్నాను. వల లాగారు, తూకం వేశారు. ఆవిడ చెప్పినదానికి ఓ గంపెడు అటూ ఇటూ, అంతే.

"బ్రహ్మాండమైన పంటండి!" అని కమిటీ పెద్దాయన భీమరాజు గారి చెయ్యి పట్టుకున్నాడు.

రొయ్యల కుప్పల మధ్య నిలబడిన భీమరాజు గారు బెదిరిపోయారు. "ఆయ్, ఏం పంటండీ... మొత్తం పోయిందండి!"

సాయిదుర్గ అప్పుడు నవ్వింది, పడీపడీ.

సెంటరుకిప్పుడు సొంత భవనం, ఆవిడకి పర్మినెంటు ఉద్యోగం. మా అమ్మ పొద్దున లేస్తే ఆవిడ పేరే. వినలేక చెరువు గట్టుకి పోతే, అక్కడ నీళ్ళకి గాలి కొట్టే నా ఏరియేటరు స్తంభానికి, దిగుబడి లెక్కగట్టడానికి ఆ సెంటరు వాళ్ళు బిగించిన పెట్టె ఎర్రలైటుతో మిణుకుతూ ఉంటుంది. బిగించమని ఫోను చేసింది నేనే. భీమరాజు గారు తన గట్టు మీద ముందే పెట్టించేశారు మరి.