తూర్పు ముఖం స్టేజి

తమిళనాట మా రాజపాళయం కాలేజీలో స్పోర్ట్స్ డే అంటే ఆటల పండుగ అనుకుంటే పొరపాటే. అది శాలువాల పండుగ. ఫిజికల్ డైరెక్టర్‌గా చేరిన మొదటి ఏడే నాకు ఆ సంగతి తెలిసింది. ముఖ్య అతిథికి కప్పాలి, ఆయన వెంట వచ్చినవాళ్ళకి కప్పాలి, కప్పినవాళ్ళకి ఇంకొకరు కప్పాలి. మధ్యలో సందు దొరికితే పిల్లలు పరిగెత్తాలి.

స్టేజి మాత్రం తూర్పు ముఖంగానే ఉండాలని ప్రిన్సిపాల్ గారి పట్టింపు. మా గ్రౌండులో అలా వేయగల చోటు ఒక్కటే, ట్రాక్‌కి పడమటి వైపు. అక్కడ స్టేజి, దాని ముందు సోఫాలు వేశారంటే ట్రాక్ మూసుకుపోయినట్టే. అందుకని మగపిల్లల పరుగులు ముందురోజు సాయంత్రమే ముగిస్తారు. ఆడపిల్లలు బస్సు వేళకి ఇళ్ళకి పోవాలి గనక వాళ్ళకి మర్నాడు మ్యూజికల్ చైర్, నిమ్మకాయ స్పూను. నేనూ ఈ ఊళ్ళో చదివినదాన్నే. ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తగల కాళ్ళతో కుర్చీల చుట్టూ తిరిగి టిఫిన్ బాక్స్ గెలుచుకున్నదాన్ని. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. చల్లారాలని నాకూ లేదు.

పోయిన సంవత్సరం తళవాయిపురం పిల్ల ఒకతె రోజూ మొదటి బస్సుకి వచ్చి, క్లాసుకి ముందు గంటసేపు పరిగెత్తేది. నాలుగు వందల మీటర్లు, అంటే మా చిన్న ట్రాక్ మీద రెండు చుట్లు, ఆమెది. యూనివర్సిటీ సెలెక్షన్‌కి పోవాలంటే కాలేజీ స్పోర్ట్స్ డేలో పరిగెత్తిన టైము, దాని కింద ప్రిన్సిపాల్ సంతకం కావాలి. ఆమెకది ఆఖరు సంవత్సరం. ఇది తప్పితే ఇంక లేదు.

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళి, ఆ పిల్లని స్పోర్ట్స్ డే నాడు పరిగెత్తనివ్వమని అడిగాను. ఆయనది అరవం కలిసిన మా ఊరి తెలుగు: స్టేజి ‘మేడై’, అంతే అనడానికి ‘అంతే దా’.

“ఏమ్మా, ఇన్ని దినాలు లేనిది ఇప్పుడేంటికి? ఆడపిల్లోళ్ళకి మ్యూజికల్ చైర్ చాలు గదా. మేడైని మాత్రం జరపను. అది తూర్పు చూడాల, అంతే దా.”

“మేడైని జరపమని నేను చెప్పలే సార్.”

“అప్పురం ఇంకేమి?”

“ఏమీ లే సార్.”

ఏమీ లేకేం! స్పోర్ట్స్ డే నాడు తెల్లారేసరికి తాడు, మేకులు, సున్నం పొడి పట్టుకుని ట్రాక్ గీసేశాను. స్టేజికీ మొదటి వరుస సోఫాలకీ మధ్య నుంచి రెండు లేన్లు భేషుగ్గా పోయాయి. అక్కడ పరిచిన తివాచీని చుట్టి పక్కన పెట్టించాను.

శాలువాలు మొదలయ్యాయి. నేను విజిల్ ఊదాను, పిల్ల పరుగందుకుంది. మొదటి చుట్టుకి సోఫాల్లోని పెద్దమనుషులు గబగబా కాళ్ళు ముడుచుకున్నారు. రెండో చుట్టుకి, శాలువా సగం కప్పించుకున్న ముఖ్య అతిథి, ఒక మిల్లు యజమాని, స్టేజి అంచుకి వచ్చేశారు.

“ఎవరి బిడ్డ ఇది? గాలి మాదిరి పోతా ఉంది!”

“మన కాలేజీ పిల్ల దా సార్,” అని ప్రిన్సిపాల్ గారు మైకులోనే చెప్పుకున్నారు. నేను స్టాప్‌వాచ్ నొక్కాను. టైము బంగారంలా వచ్చింది.

మర్నాడు నాకు మెమో ఇచ్చారు. అతిథుల్ని అవమానించానట.

“తప్పయిందని రాసి ఇయ్యి. అప్పుడు దా టైము పేపర్లో సంతకం పెడతాను,” అన్నారు ప్రిన్సిపాల్ గారు. సెలెక్షన్‌కి ఇంక రెండు రోజులే ఉంది.

తలుపు దగ్గర నిలబడిన పిల్ల అంతా విన్నది. “నాకోసరం మీరు తప్పని రాయొద్దు మిస్,” అంది, కళ్ళనీళ్ళతో. నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు చేయని మనిషి చేత తప్పని రాయించడానికి ఒక పిల్ల కాళ్ళని తాకట్టు పెట్టుకోవడమా?

“నువ్వు ఊరికే ఉండు, రాస్తాను,” అన్నాను.

అక్కడే నిలబడి రాసి, కింద సంతకం చేసి ఇచ్చాను: ‘స్టేజి ట్రాక్ మీదికి వస్తుందని తెలిసీ ఇన్నేళ్ళు వేయనివ్వడం నా తప్పే. వచ్చే సంవత్సరం ఈ తప్పు జరగనివ్వను.’

ప్రిన్సిపాల్ గారు చదివారు. కళ్ళద్దాలు సవరించుకుని మళ్ళీ చదివారు.

“ఏమ్మా, ఇది ఏమి?”

“తప్పని దా రాసినాను సార్. మీరు అడిగింది అదే గదా.”

ఆయన అడిగిన మాట కాగితం మీద ఉండనే ఉంది; చివరికి పెన్ను తీసి టైము పేపర్లో సంతకం పెట్టారు.

పిల్ల ఆ కాగితంతో సెలెక్షన్‌కి పోయింది, యూనివర్సిటీ జట్టులో పరిగెత్తింది. ఈ ఏటి స్పోర్ట్స్ డేకి ఇంకా తేదీ పెట్టలేదు. ఎప్పుడైనా పెట్టుకోనీ, సంతకం చేసి రాసిచ్చిన మాట తప్పే మనిషిని కాను నేను.