అమ్మగారి ప్రార్థనకు నా తర్జుమా

నాచారంల మందు గోలీల ఫ్యాక్టరీల ప్యాకింగ్ పని జేసేటప్పుడు, గురువారం సాయంత్రాలు నాకు ఇంకో డ్యూటీ ఉండె. ఫ్యాక్టరీ వెనక గల్లీల, మేడమీది రెండు రూముల్ల, స్త్రీల ప్రార్థన కూడికకు తర్జుమా. మిజోరాం నుంచి మిషనరీ పనికి వచ్చిన భార్యాభర్తలు ఆ రూముల్ల కిరాయికుండిరి. ఆయనను అయ్యగారు, ఆమెను అమ్మగారు అనేటోళ్ళం. అమ్మగారి తెలుగు కూరగాయల బేరం వరకే. ఆమె ఇంగ్లీషుల ప్రార్థన జేస్తే, పక్కన నిలవడి నేను తెలుగు జేసేదాన్ని. మిషన్ స్కూల్ల నేర్చిన ఇంగ్లీషు గట్ల అక్కరకొచ్చింది. గొప్పలు కూడ పోయేదాన్ని, ఎందుకు దాచాలె.

వాళ్ళ దిక్కు ఒక పద్ధతి ఉన్నదట. వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఆడోళ్ళు ఒక పిడికెడు పక్కకు పెడ్తరు, అవి అమ్మి మిషనరీలను సాకుతరు. "మేమిద్దరం ఆ పిడికెళ్ళ మీదనే ఇక్కడ బతుకుతున్నం" అని అమ్మగారు చెప్తే, మా ఆడోళ్ళకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. మరుసటి వారం నుంచి అందరం డబ్బాలు పెట్టుకున్నం. అందరికంటె ముందు పెట్టింది ఉప్పల్ చౌరస్తాల ఆకుకూరలు అమ్మే పెద్దమ్మ. రేషన్ బియ్యమే, అయినా రాళ్ళు ఏరి మరీ తెచ్చేది.

ఆ ఏడాది అమ్మగారికి ఏడో నెలల, కడుపులనే బిడ్డ పోయింది. ఆ సంగతి అందరికీ తెలుసు. పదిహేను రోజులు తిరగకముందే ఆమె కూడికకు వచ్చి నిలవడ్డది. కానీ ఆ రోజు నుంచి ఆమె ప్రార్థన ఎండిపోయింది. "ప్రభువా, సాయం చెయ్యి" అని రెండు ముక్కలు అని ఊకునేది. ముందట పదిహేను మంది కండ్లు మూసుకొని ఎదురుచూస్తుండిరి. నేనేం జేద్దును? ఆ రెండు ముక్కలకు నా సొంత మాటలు జోడించిన. "నా కన్నీళ్ళు తుడిచినవు, కొండంత బలం ఇచ్చినవు" అని గొంతెత్తి చెప్పిన. అందరు ఆమేన్ అన్నరు. గంత చిన్న మాటకు ఇంత తెలుగా అన్నట్టు అమ్మగారు నా దిక్కు చూసింది. ఆరు నెలలు గట్లనే నడిచింది. మెట్ల కాడ చెప్పులేసుకుంటా ఆడోళ్ళు "ఏం గుండెనమ్మా ఆమెది!" అని మురిసేటోళ్ళు. నాకు లోపల్లోపల మస్తు సంబురం.

ఒకనాడు అమ్మగారు నాకు చాయ్ చేతికిచ్చి చెప్పింది, వెళ్ళిపోతున్నమని. పని విడిచిపెడ్తమని ఉత్తరం వాళ్ళే రాసిన్రట. "ఇక్కడ నా నోట్లె ప్రార్థన వస్తలేదు. మా అమ్మ పక్కన పండుకోవాలె" అన్నది. గురువారం అందరి ముందట అవే మాటలు అన్నది. వాటిని తెలుగు చెయ్యనీకి నాకు నోరు రాలే. ఆరు నెలల నా వేషం బయటపడ్తదని భయం. "అక్కడి పెద్దలు వాపస్ రమ్మంటున్నరట" అని తిప్పి చెప్పిన. థూ, నా నోట్ల మన్నువడ.

"బియ్యం సాలక పిలుస్తున్నరేమో" అన్నది పెద్దమ్మ. "ఇద్దరిని మనం సాకలేమా? ఇగ రెండు పిడికెళ్ళు తీద్దాం. వాళ్ళ పెద్దలకు రాయమను, ఇక్కడ ఫికర్ లేదని."

నేను తలూపిన. మూడు వారాల్ల డబ్బాలు నిండి వాళ్ళింటికి చేరినయి. "ఇన్ని బియ్యం ఎందుకు?" అని అమ్మగారు అడిగితే, "మీ మీద ప్రేమ" అన్న. రెండు దిక్కులకూ నేనే అడ్డం నిలవడ్డ.

పెద్దమ్మ రెండో పిడికెడు యాడికెల్లి తీస్తుందో నేను అడగలే. ఒక పూట వండుకునుడే బంద్ చేసిందట. షుగర్ గోలి మాత్రం తప్పకుండ మింగేదట. చౌరస్తాల కొత్తిమీర కట్టల మీదనే పడిపోయింది. దవాఖానాల గ్లూకోజు ఎక్కుతుంటె, మంచం పక్కన నిలవడి నేను చేసిందంతా కక్కేసిన. తిడ్తదనుకున్న.

తిట్టలే.

"ఆమె గట్టిగున్నదనుకొని ఒక్కనాడు దగ్గరికి తీసుకోలే" అన్నది. "నాకూ ఇద్దరు పోయిన్రు బిడ్డా. నువ్వు ఉన్నదున్నట్టు జెప్పుంటె, అందరం కూసోని ఆమెతోని ఏడ్సెటోళ్ళం గదనే. ఏడ్సినంక ఉండేదేమో."

తెల్లారి దవాఖానాలకెల్లి పంపంగనే "నన్ను ఆమె దగ్గరికి తీస్కపో" అన్నది. ఆటో మాట్లాడుకొని నాచారం వచ్చినం. వాళ్ళు పోవాల్సింది మరుసటి రోజు. మరునాడు తెలంగాణ బందు, రైళ్ళు ఆగుతయని, ఒక రోజు ముందే, ఆ పొద్దుగాలనే వెళ్ళిపోయిన్రని ఇంటి ఓనరమ్మ చెప్పింది. పైన తలుపుకు తాళం. గోడ పక్కన మా బియ్యం డబ్బాలు మూతలతోని ఉన్నయి.

పెద్దమ్మ మెట్ల మీద కూలవడి, ఇంట్ల పీనుగు లేచినట్టు ఏడ్చింది. గల్లీల ఆడోళ్ళు తలలెత్తి చూసిన్రు. నాకు ఏడుపు రాలే, సిగ్గొచ్చింది.

జర నిమ్మళమైనంక కొంగుతోని మొఖం తుడుచుకొని నన్ను అడిగింది, "ఆడపిల్లనా, మొగపిల్లగాడా?"

ఆరు నెలల్ల ఎవ్వరూ అడగలే ఆ మాట. కాన్పు రూముల అమ్మగారి పక్కన ఉన్నది నేనే. నర్సమ్మ గుడ్డల చుట్టంగ చూసింది నేనే.

"ఆడపిల్ల" అన్న. "జుట్టు మస్తుండె."