వంటింట్లోకి వచ్చిన చెప్పులు

మా ఇంట్లో మడమ నొప్పికి వైద్యం మొదలుపెట్టిన మూర్ఖుణ్ణి నేనే. నొప్పి మాత్రం మా ఆవిడది.

పొద్దున్న మంచం దిగి అడుగు వేస్తే మేకు దిగినట్టుందని ఆమె అంటే, బరువు తగ్గమన్నాను. తర్వాత ఇటుక కాల్చి, మీద జిల్లేడాకులు పరిచి కాపడం పెట్టుకోమన్నాను. అదీ పనిచేయకపోతే రుషికొండ బీచికి తీసుకెళ్ళి ఇసకలో వట్టి కాళ్ళతో నడిపించాను. నేను ముందు నడుస్తూ, వెనక్కి తిరిగి "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూనే ఉన్నాను. ఆ వారమంతా ఆమె ఇంట్లో గోడ పట్టుకుని నడిచింది.

ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకుంటానని ఒకసారి అడిగింది. గాజువాకలో మా ఫ్లాటులో దేవుడి గూడు వంటింట్లోనే, పొయ్యి గట్టు పక్కనే ఉండేది. చెప్పులతో దేవుడి ముందు నిలబడతావా అన్నాను. దేవుడి ముందు నేను నిలబడేది అగరొత్తి వెలిగించినంతసేపు. ఆమె నిలబడేది పొద్దస్తమానం. నేల నల్ల గ్రానైటు, నేనే పట్టుబట్టి వేయించాను. వేయించిన కొత్తలో నా కాళ్ళు నేలమీద నిలవలేదు. ఆమెవి నిలవక తప్పలేదు.

చెప్పులు వద్దని చెప్పినవాడికీ చివరికి మడమ పట్టేసింది. అచ్యుతాపురం ఫ్యాక్టరీలో షిఫ్టంతా సేఫ్టీ బూట్లలో నిలబడే ఉద్యోగం నాది. నేను మాత్రం ఇటుక కాల్చలేదు, నేరుగా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మా ఆవిడ తోడొచ్చింది.

డాక్టరు మడమ కింద బొటనవేలితో నొక్కితే కుర్చీలోంచి లేచినంత పని చేశాను. మడమ నుంచి వేళ్ళదాకా అరికాలి కింద పట్టీలాంటిది ఒకటి ఉంటుందట, అది దెబ్బతిందన్నాడు. గట్టి నేలమీద వట్టి కాళ్ళతో నిలబడొద్దు, ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోండి, రోజూ గోడకు చేతులానించి పిక్కలు సాగదీయండి, నెలలు పట్టినా మానొద్దు అని చెప్పి, చివర్లో అడిగాడు.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా ఈ నొప్పి?"

"లేదండి" అన్నాను.

మా ఆవిడ నా పక్కనే కూర్చుని ఉంది. అబద్ధమాడాలని కాదు, నిజంగానే గుర్తు రాలేదు. ఇప్పటికీ నన్ను పొడిచేది అదే.

ఆ సాయంత్రం కొత్త చెప్పులతో మంచినీళ్ళకని వంటింట్లోకి నడిచాను. ఆమె ఒక పాదం పైకెత్తి పిక్కకి ఆనించి, కొంగలా నిలబడి పులుసు కలుపుతోంది. నా కాళ్ళవంక చూసింది.

"ఏటండీ, దేవుడు మనిల్లు కాళీ సేసి ఎల్లిపోనాడేటి?"

నేను చెప్పులు విప్పబోయాను.

"ఉండనీండి. డాట్రుగారు సెప్పేరు కదా. ఆయన సెప్తే దేవుడైనా ఇంటాడు. నాను సెప్తేనే ఇనరు."

చివరి మాట దేవుడి గురించి కాదని నాకు తెలుసు.

మర్నాడే ఆమెను అదే డాక్టరుకు చూపించాను. "నిన్న ఎవరికీ లేదన్నారు?" అన్నాడాయన. "నేను చూడలేదండి" అన్నాను. దేవుణ్ణి హాల్లోకి మార్చాం. ఇద్దరం పొద్దున్నే గోడను తోస్తూ నిలబడతాం. చూసినవాళ్ళు ఇల్లు పెంచుకుంటున్నాం అనుకోవాలి. నా నొప్పి తొందరగానే తగ్గింది. ముదరబెట్టింది నేను కాబట్టి ఆమెది ఇంకా ఉంది. ఎలా ఉందని అడిగితే "పర్లేదు" అంటుంది. తిట్టినా బాగుండేది.

మొన్న ఒక ఆదివారం ఆమె అన్నయ్య, అంటే మా బావ, సంచీ నిండా చేపలు పట్టుకొచ్చాడు. వంటింట్లో ఆమె కాళ్ళు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏటిది బావా, పొయ్యి కాడ సెప్పులా? మా సెల్లిని మరీ గారం సేసేసినావు."

ఒకప్పటి నా మాటలే, గొంతు మాత్రం ఆయనది. ఆమె తల వంచుకుని చెప్పులు విప్పబోయింది.

"నువ్వెళ్ళి హాల్లో కూకో" అన్నాను ఆమెతో. "ఈయేళ సేపలు బావే ఏపాల. ఆ సేతి రుసి మనకెక్కడొస్తాది."

పొగడ్తకు బావ ఇట్టే పడిపోయాడు. లుంగీ ఎగ్గట్టి, వట్టి కాళ్ళతో గ్రానైటు మీద నిలబడి మొదటి వాయి వేశాడు. సగం చేపలు వేగేసరికి ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుతున్నాడు.

"నేలేటి బావా ఇలా పొడిసేస్తంది? ఆ సెప్పులు ఓపాలి ఇటియ్యి."

"అయిపోవచ్చింది బావా" అన్నాను. చేప లోపలిదాకా వేగాలి కదా అంటూ, పొయ్యి మంట బాగా తగ్గించాను.