తలుపుకు వీపు

సుంకప్ప పద్దెనిమిదేళ్లు సైన్యంలో చేసి ధర్మవరం తిరిగొచ్చాడు. ఇక మగ్గం నేసుకుని ఇంటిపట్టునే ఉంటానన్నాడు. భార్య ఈశ్వరి సంబరపడింది. ఆ సంబరం రెండు రోజులే. మూడో రోజు ఆయన మగ్గం విప్పేశాడు.

ఆ ఇంట్లో గుంట మగ్గంలో కాళ్లు దించి కూర్చుంటే వీపు తలుపు వైపుంటుంది. ఆయనకది కుదరదు. పాత గుంట పూడ్చి, తలుపుకు ఎదురుగా కూర్చునేలా కొత్తది తవ్వాడు. గుంటలు తవ్వడంలో సైన్యం మంచి తర్ఫీదే ఇచ్చింది. వీధి జనం వచ్చి మెచ్చుకుని పోయారు. ఇప్పుడు వీపు వెనక పడ్డ కిటికీని మూసి మేకులు కొట్టేశాడు.

పెళ్లయిన కొత్తలో ఈ మనిషే పెనుకొండలో అత్తారింటికొస్తే మరదళ్లు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. ఇప్పుడు "తిన్నావా?" అంటే "తిన్నా" అంటాడు, అంతే. మనిషి ఎదురుగా ఉండగానే ఆ మనిషి మీద బెంగపడటం ఈశ్వరి ఎవరితో చెప్పుకుంటుంది?

చీకట్లో, చూపంతా తలుపు మీద పెట్టి నేస్తే పోగులు తెగింది తెలియదు. పడుగు ఇచ్చి నేయించుకునే షాపు యజమాని రఘునాథ్ మూడో చీర పట్టుకుని తనే వచ్చాడు.

"ఏమప్పా సుంకప్పా, ఏడు చోట్ల తెగిపోయిండాది. ఇంకోతూరి ఇట్లయితే పడుగు ఇయ్యలేనబ్బా."

"సరే" అన్నాడు సుంకప్ప. రఘునాథ్ పోయాక ఈశ్వరితో చెప్పాడు: "బెంగళూరులో సెక్యూరిటీ పని ఉండాదంట. పోతా. ఆడ గోడకు ఆనుకుని కూర్చోవచ్చు."

ఈశ్వరికి ఒళ్లు మండింది. "ఇన్నేండ్లు పోయింది చాలదా? తలుపు కాడ ఏముండాదని అట్లా చూస్తావు?"

"వెనకనుంచి కాల్చినారు. నా పక్కనున్న ఇద్దరూ పోయినారు" అన్నాడాయన, బస్సు టైము చెప్పినట్టు.

ఈశ్వరి కాసేపు ఏడ్చింది. తర్వాత తను కండెలు చుట్టే రాట్నం తెచ్చి గడప దగ్గర వేసుకుంది, ముఖం వీధి వైపు పెట్టి.

"మగ్గం పాత చోటికి మార్చు. నీ వెనక నేనుంటా."

మర్నాడు సుంకప్ప కొత్త గుంట పూడ్చి పాతది మళ్లీ తవ్వాడు, కిటికీ మేకులు పీకాడు. నాలుగో చీరలో రఘునాథ్‌కు వంక దొరకలేదు.

నెల తర్వాత ఈశ్వరి చెల్లెలు మమత పెనుకొండ నుంచి ఫోన్ చేసింది, బిడ్డకు పేరు పెడుతున్నాం, రెండ్రోజులు ముందే రమ్మని. వెనకాల మగ్గం ఆగింది.

"పోయిరా. నేనుంటాలే" అన్నాడు సుంకప్ప.

ఈశ్వరికి వెళ్లాలనే ఉంది. మగ్గం చప్పుడు మళ్లీ వినపడుతుందేమోనని చూసింది. వినపడలేదు.

"లీవు దొరకదులే మమతా, డ్యూటీలో చేరి నెలే అయింది" అని ఫోన్ పెట్టేసింది.

మగ్గం నడిచింది.